ఔషధము వ్రతమును భంగపరచదు



ఈ వేదికపై మేము ఇంతకాలము చేసిన ప్రసంగములన్నియు వేదార్థమును గూర్చియో, పురాణకథలను గూర్చియో, వ్రతవిధానములను గూర్చియో అయి ఉన్నవి. నేడు ఒక వ్యాధిని గూర్చి చెప్పబోవుచున్నాము. వైద్యులు దానిని డిప్రెషన్ అంటారు. తెలుగులో కుంగుబాటు అనుచున్నారు. వేదము చెప్పుకొనువారికి ఈ ప్రసంగముతో పనియేమి అని మీకు అనిపించవచ్చును. పని కలదు. ఈ విషయమున మేము ఒక అపరాధము చేసియున్నాము. దానిని మీ ముందు చెప్పుకొనుట మొదటి పని. అట్టి అపరాధము మీ ఇండ్లలో జరుగకుండ చూచుట రెండవ పని.

మా వద్ద కృష్ణయజుర్వేదము క్రమాంతము చదివిన శిష్యుడొకడు కలడు. స్వరము తప్పనివాడు. గోదావరి తీరమున ఒక గ్రామములో దేవాలయార్చన చేసుకొనుచు, ఇల్లాలితోను ఇద్దరు పిల్లలతోను సుఖముగ ఉన్నవాడు. నలుబదవ ఏట అతనికి ఏదో అయినది. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చును, మరల నిద్ర పట్టదు. అన్నము సయించదు. సంధ్యావందనమునకు కూర్చుండి, ఆచమనము చేసి, తరువాత చేయి కదలక గంటసేపు అట్లే కూర్చుండెడివాడు. వచ్చిన పనసలు మరచిపోలేదు. నోరు తెరచుటకే శక్తి చాలలేదు.

ఇల్లాలు అతనిని పట్టణమునకు తీసికొనిపోయి మనోవైద్యునకు చూపించినది. ఆయన మాత్రలు వ్రాసియిచ్చినాడు. ఐదారు వారములలో నిద్ర కుదిరినది. మూడు నెలలకు గుడిలో అతని కంఠము మరల వినిపించినది. ఆ యేడు కార్తికమునకు ముందు అతడు మా ఇంటికి వచ్చి, "గురువుగారూ, ఈ నెల నియమముగ నక్తము ఉండదలచినాను. ఈ మాత్రలు వేసుకొనుచు చేయవచ్చునా?" అని అడిగినాడు.

మేము చెప్పిన మాట ఇది: "మందుతో నిలుపుకొన్న మనస్సు ఒక మనస్సా, నాయనా? ఈ నెల మాని చూడు. పరమేశ్వరుడు చూచుకొనును."

అతడు ఆనాడే మానినాడు. కార్తికము ఎట్లో గడచినది. మార్గశిరము వచ్చునప్పటికి మంచము దిగుట లేదు. ఒక వేకువజామున ఇంట కనిపించలేదు. ఊరివారు వెదకి గోదావరి గట్టున పట్టుకొని వెనుకకు తెచ్చినారు. దైవానుగ్రహము వలన ప్రాణము దక్కినది. మరునాడు మేము చూడబోయినప్పుడు ఆ ఇల్లాలు మమ్ము ఒక్క మాటయు నిందింపలేదు. "గురువుగారూ, మీరు ఆపమంటే ఆపారు. ఇప్పుడు మీరే వేసుకోమని చెప్పండి. ఇంకెవరు చెప్పినా వినరు" అని మాత్రము అన్నది.

వ్రతమును భంగపరచనివి ఎనిమిది అని పెద్దలు చెప్పియున్నారు. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధము. ఈ శ్లోకమును మేము ఎన్ని వందల మందికి చెప్పియుందుమో లెక్క లేదు. మధుమేహము ఉన్నవారికి, రక్తపోటు ఉన్నవారికి, "మందు వేసుకొని ఉపవాసము చేయండి, దోషము లేదు" అని ధైర్యము చెప్పినవారము మేమే. అందులో గురువు మాటయు ఔషధమును పక్కపక్కనే ఉన్నవి. మేము ఒకదానిని తీసికొని రెండవదానిపై ప్రయోగించినాము. దేహమునకు వచ్చినదైతే వ్యాధి, మనస్సునకు వచ్చినదైతే భక్తిలోపము అను భేదము మా బుద్ధిలో ఎచ్చటనో దాగియున్నది. అదియే ఆ మాట పలికించినది.

విషాదము వేరు, వ్యాధి వేరు

కుంగుబాటు అనగానే మనవారు అర్జునుని ఉదాహరణము తెచ్చెదరు. గీతయందు మొదటి అధ్యాయమునకు అర్జునవిషాదయోగమనియే పేరు. అవయవములు సడలినవి, నోరు ఎండినది, శరీరము వణికినది, గాండీవము చేజారినది. భగవానుడు ఉపదేశించినాడు, అర్జునుడు లేచినాడు. కావున ఎవడు కుంగినను గీత చెప్పిన చాలునని మేమును అనుకొనెడివారము.

కాని చూడండి. అర్జునుని దుఃఖమునకు ఎదుట కారణము కలదు. రెండు సేనలలోను తనవారే ఉన్నారు. అతడు వాదించినాడు, ప్రశ్నించినాడు, సందేహము తీరనప్పుడు మరల అడిగినాడు. పదునెనిమిది అధ్యాయములు నిలబడి వినగలిగినాడు. వినగల శక్తి ఉన్నవానికి ఉపదేశము పనిచేయును. ఆ వినగల శక్తినే హరించునది ఈ వ్యాధి. మా శిష్యుడు గీత ఎరుగనివాడు కాడు. పదునెనిమిది అధ్యాయములు కంఠస్థము. అవి అతని లోపలికి దిగుటకు దారి మూసికొనిపోయినది.

వైద్యులు దీనిని గుర్తించు పద్ధతి ఇట్లున్నది. మనస్సు దిగులుగా ఉండుట, లేదా దేనియందును ఆసక్తి లేకపోవుట, ఈ రెండింటిలో ఒకటైనను ఉండవలెను. దానితోపాటు నిద్ర చెడుట, ఆకలి మారుట, నీరసము, మాటయు నడకయు మందగించుటయో నిలకడ లేకపోవుటయో, ఏకాగ్రత తప్పుట, తాను పనికిరానివాడననియు పాపిననియు తోచుట, చావును గూర్చిన తలంపులు, వీనిలో పలు లక్షణములు కలసి, రెండు వారములకు తక్కువ కాకుండ, దాదాపు ప్రతిదినము ఉండి, నిత్యజీవితమును కుంటుపరచవలెను. ఆప్తులు పోయిన దుఃఖము, పంట పోయిన దిగులు మనుష్యులకు సహజములు. అవన్నియు వ్యాధి కావు. వాని నుండియు వ్యాధి పుట్టవచ్చును, ఏ కారణము కనబడకుండను పుట్టవచ్చును. రోగమును పెంచువానిలో విషాదము ప్రధానమైనదని చరకసంహిత సూత్రస్థానమందే కలదు. మనవారికి ఇది తెలియని సంగతి కాదు.

మందు పనిచేసినదని ఎట్లు తెలియును?

మా సభలకు వచ్చు మనోవైద్యుడొకాయన ఉన్నారు. శిష్యుని విషయము జరిగిన పిదప మేము ఆయనను మూడు సాయంకాలములు ఇంటికి పిలిచి, వాక్యార్థసభలో కూర్చున్నట్లు కూర్చుండి, పూర్వపక్షములు చేసినాము. ఆయన చెప్పిన సమాధానములు మీకు చెప్పెదము.

మా మొదటి పూర్వపక్షము కాకతాళీయము. కాకి తాటిచెట్టుపై వ్రాలినది, పండు రాలినది. కాకి వలన రాలినదా? దిగులు కొంతకాలమునకు దానంతటదియే తగ్గును గదా. ఆ సమయమున మందు వేసినారు, తగ్గినది. మందు వలననే తగ్గినదనుటకు ప్రమాణమేమి?

ఆయన నవ్వి, "మా శాస్త్రమంతా ఈ ప్రశ్నతోనే పుట్టినది" అన్నారు. ఈ మందులు మొదట దొరికినది అనుకోకుండనే. 1952లో అమెరికాలో న్యూయార్క్ నగరపు స్టాటెన్ ఐలండ్‌లో సీ వ్యూ ఆసుపత్రి యందు క్షయరోగులకు ఇప్రోనియజిడ్ అను మందు ఇచ్చినారు. క్షయ సంగతి అటుండగా, మంచము పట్టినవారు హుషారుగా తిరుగుట చూచి వైద్యులు ఆశ్చర్యపడినారు. స్విట్జర్లండులో మున్‌స్టర్లింగెన్ ఆసుపత్రి యందు రోలండ్ కున్ అను వైద్యుడు, వేరొక మానసిక వ్యాధికి ఉద్దేశించిన ఇమిప్రమిన్‌ను ఇచ్చి చూచి, అది ఆ వ్యాధికి పనికిరాలేదనియు, కుంగినవారిని లేవదీయుచున్నదనియు కనుగొని, 1957లో ప్రకటించినాడు. ఆ ఆసుపత్రిలో రోగుల అనుమతి సరిగా తీసికొనకయే అనేక మందులు పరీక్షించినారని 2019లో చరిత్రకారులు బయటపెట్టినారు. నేడు రోగి తెలిసికొని ఒప్పుకొననిదే అట్టి పరీక్ష చేయరాదను నియమము అందుకే అంత గట్టిగా ఉన్నది.

వైద్యుడు కన్నులతో చూచినది మాత్రమే ప్రమాణము కాదు. తర్కశాస్త్రము చదివినవారికి అన్వయవ్యతిరేకములు తెలియును. అది ఉన్నప్పుడు ఇది ఉండుట అన్వయము. అది లేనప్పుడు ఇది లేకపోవుట వ్యతిరేకము. రెండును చూడనిదే కార్యకారణభావము నిశ్చయము కాదు. వైద్యపరీక్ష అనగా ఇదియే. ఒకే విధమైన రోగులను రెండు వర్గములు చేసి, ఒక వర్గమునకు మందు, రెండవ వర్గమునకు మందు లేని ఉత్త మాత్ర ఇచ్చెదరు. రంగు, ఆకారము, పరిమాణము ఒక్కటే. ఆ ఉత్త మాత్రకు ప్లాసిబో అని పేరు.

రెండవ పూర్వపక్షము చేసినాము. బాగుపడునట్లు కనిపించువారిని మందు వర్గములో వేసికొనవచ్చును గదా? అందుకే ఎవరు ఏ వర్గమో వైద్యుడు నిర్ణయింపడు. చీటీ తీసినట్లు యాదృచ్ఛికముగ నిర్ణయము జరుగును. మూడవది, మందు వేసుకొనుచున్నానను నమ్మకమే స్వస్థత కలిగింపవచ్చును గదా? కలిగించును. అందుకే ఏది మందో ఏది ఉత్త మాత్రయో రోగికి చెప్పరు, ఇచ్చు వైద్యునకును తెలియనీయరు. దుఃఖమును ఏ తూకపురాయితో తూచెదరు అని అడిగినాము. 1960లో మాక్స్ హామిల్టన్ అను వైద్యుడు నిద్ర, ఆకలి, పశ్చాత్తాపము, పని చేయు శక్తి మొదలైనవానికి విడివిడిగా అంకెలు వేయు పట్టిక ప్రకటించినాడు. నేడు తొమ్మిది ప్రశ్నల చిన్న పట్టిక ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో కూడ వాడుచున్నారు.

ఈ పద్ధతిలో మాకు నచ్చినది ఒకటి కలదు. పరీక్షించువాడు తన కన్నును తానే నమ్మక, తన కోరికకు తానే గంతలు కట్టుకొనుచున్నాడు. మేము శిష్యునకు ఆ మాట చెప్పిన దినమున ఈ వినయములో వీసమెత్తు మాకున్నను బాగుండెడిది.

1965లో బ్రిటన్‌లో సుమారు 250 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితము ప్రకటించినారు. విద్యుత్‌చికిత్స, ఇమిప్రమిన్, ఫినెల్జిన్, ఉత్త మాత్ర అని నాలుగు వర్గములు. నాలుగు వారములకు చూడగా ఉత్త మాత్ర వర్గములోనే మూడవ వంతునకు పైగా బాగుపడినారు. మన కాకతాళీయము ఇక్కడ కనబడినది. కాని ఇమిప్రమిన్ వర్గములో అంతకంటె ఎక్కువ మంది, విద్యుత్‌చికిత్స వర్గములో అందరికంటె ఎక్కువ మంది బాగుపడినారు. వైద్యులు నమ్మి వాడుచున్న ఫినెల్జిన్ ఆ పరీక్షలో ఉత్త మాత్రను మించలేకపోయినది. నమ్మిన మందును సైతము ఓడింపగల పరీక్ష ఇది. కావుననే నెగ్గిన మందునకు విలువ. విద్యుత్‌చికిత్స అనగానే మనవారు సినిమాలలో చూచినది తలచుకొని భయపడెదరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము మత్తు, కండరములను సడలించు మందు ఇవ్వకుండ ఆ చికిత్స చేయరాదు.

ఫలితములు ఎట్లున్నవి?

నాలుగవ పూర్వపక్షము మేము కొంత గట్టిగానే చేసినాము. మందులు అమ్ముకొనువారే పరీక్షలు చేయించిన, చెడు ఫలితములను దాచరా? "దాచినారు" అని ఆ వైద్యుడు ఒప్పుకొన్నారు. అమెరికాలో ప్రభుత్వ అనుమతి కొరకు 12 మందులపై నమోదైన 74 పరీక్షలను పరిశీలించి 2008లో ఒక వ్యాసము వెలువడినది. వానిలో సుమారు సగము మాత్రమే స్పష్టముగ అనుకూలమైనవి. అనుకూలము కాని వానిలో పెక్కింటిని ప్రచురింపనే లేదు. ప్రచురించినవి మాత్రమే చదివినవానికి దాదాపు అన్నియు అనుకూలములే అనిపించును. ఈ దోషమును బయటపెట్టినవారును పరిశోధకులే.

ఆ తరువాత 2018లో ప్రచురింపబడని వివరములను కూడ సేకరించి, 21 మందులపై జరిగిన 522 పరీక్షలను, 1,16,477 మంది రోగుల ఫలితములను ఒక్కచోట చేర్చి చూచినారు. 21 మందులును ఉత్త మాత్ర కంటె మెరుగని తేలినది. అయితే ఆ మెరుగు సగటున మధ్యస్థమైనదే. ఎక్కువ పరీక్షలు ఎనిమిది వారముల కాలమునకు సంబంధించినవే. కొందరికి ఎంతో మేలు, కొందరికి కొంత, కొందరికి ఏమియు లేదు. అమెరికాలో 4,041 మందిని చేర్చుకొని చేసిన పెద్ద పరిశోధన ఫలితములు 2006లో వచ్చినవి. మొదటి మందుతో లక్షణములు దాదాపు పూర్తిగా తొలగినవారు సుమారు మూడవ వంతు. మందు మార్చినప్పుడు, మరొకటి చేర్చినప్పుడు ఇంకొందరు బాగుపడినారు. నాలుగు దశలును కలిపి ఎంతమంది అను లెక్కపై తరువాత వాదములు కలవు. మనము గ్రహింపవలసినది ఇంతే. మొదటి మందు పనిచేయకపోయిన అంతటితో ఆశ వదలుకొనరాదు.

మెదడులో సెరొటోనిన్ తగ్గుటయే ఈ వ్యాధికి కారణమని చాలకాలము చెప్పినారు. అట్టి నిదర్శనము నిలకడగ లేదని 2022లో ఒక సమీక్ష తేల్చినది. అది విని "అయితే మందులు వృథా" అని కొందరనుచున్నారు. ఇది తర్కదోషము. నీరు నిప్పును ఆర్పును. అంతమాత్రాన నీరు లేకపోవుట వలననే ఇల్లు అంటుకొన్నదని ఎవరనెదరు? వ్యాధి పుట్టుకను గూర్చిన సిద్ధాంతము వేరు, చికిత్స ఫలించుట వేరు. మొదటిది మారినను రెండవది పరీక్షపై నిలిచియున్నది.

మానుటను గూర్చి

ఇక మా అపరాధమునకు నేరుగా సంబంధించిన మాట. బాగుపడినవాడు మందు మానిన ఏమగును? దీనిని కూడ పరీక్షించినారు. 2003లో 31 పరీక్షలను, 4,410 మంది ఫలితములను కలిపి చూడగా, మందు కొనసాగించినవారిలో నూటికి 18 మందికి వ్యాధి తిరుగబెట్టినది. ఉత్త మాత్రకు మార్చినవారిలో నూటికి 41 మందికి తిరుగబెట్టినది. బ్రిటన్‌లో, చాలకాలము మందు వాడి, ఇక మానవచ్చుననిపించునంత ఆరోగ్యముగ ఉన్న 478 మందిపై చేసిన పరీక్ష 2021లో వెలువడినది. ఏడాదిలో, కొనసాగించినవారిలో నూటికి 39 మందికి, క్రమముగ మానినవారిలో నూటికి 56 మందికి వ్యాధి మరల వచ్చినది. మానినవారిలోను నూటికి 44 మంది బాగుగనే ఉన్నారు. కావున ఎప్పటికిని మానరాదని దీని అర్థము కాదు. ఎవరు, ఎప్పుడు, ఎంత మెల్లగా మానవలెనో నిర్ణయించువాడు వైద్యుడు, గురువు కాడు.

హఠాత్తుగ మానినప్పుడు తలతిరుగుడు, నిద్రలేమి, ఆందోళన, ఒంటిలో విద్యుత్తు పాకినట్లుండుట మొదలగు బాధలు కలుగవచ్చును. అందుకే కొద్దికొద్దిగా తగ్గించెదరు. మందు ఫలించుటకు కొన్ని వారములు పట్టును. నాలుగు దినములు వేసి "గుణము లేదు" అని పారవేయరాదు. పాతికేండ్ల లోపు వయస్సువారికి మొదటి వారములలో చనిపోవు తలంపులు కొందరిలో ఎక్కువ కావచ్చును కనుక ఇంటివారు కనిపెట్టియుండవలెను. మా శిష్యుడు నాలుగవ నెలలో, ఒక్క దినమున, వైద్యునితో చెప్పకుండ, మా మాటపై మానినాడు. చేయరానివన్నియు మేము ఒక్క మాటతో చేయించినాము.

మాటయే మందైన చోటు

మందు ఒక్కటే చికిత్స అనుకొనరాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అను వైద్యుడు, కుంగినవాని తలంపులను వానితోనే పరీక్షింపజేయు సంభాషణచికిత్సను రూపొందించినాడు. 1977లో ఇమిప్రమిన్‌తో పోల్చి చూచిన పరీక్ష మొదలుకొని అది అనేక పరీక్షలలో నిలిచినది.

"మన పల్లెలలో అంత చదివిన వైద్యులెక్కడ?" అని అడిగినాము. గోవాలోని సంగత్ అను సంస్థవారు విక్రమ్ పటేల్ మొదలైన పరిశోధకులతో చేసిన పరీక్షను ఆ వైద్యుడు వివరించినారు. దాని ఫలితము 2017లో వెలువడినది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములకు వచ్చిన, వ్యాధి తీవ్రముగ ఉన్న 495 మంది పాల్గొన్నారు. వైద్యులు కాని స్థానికులకు శిక్షణ నిచ్చి, వారిచేత ఆరు నుండి ఎనిమిది మార్లు రోగితో మాట్లాడించినారు. ఆ మాటలలో గొప్ప తత్త్వమేమియు లేదు. ఏ పని మానివేసితివి? ఏ పని చేసిన కొంచెము హాయిగ ఉండెడిది? రేపు ఆ పనిలో చిన్న ముక్క ఏది చేయగలవు? ఇంతే. మూడు నెలలకు, ఈ సంభాషణ పొందినవారిలో నూటికి 64 మంది తేరుకొన్నారు. మామూలు వైద్యము మాత్రము పొందినవారిలో నూటికి 39 మంది. మన పశ్చిమ గోదావరి జిల్లా గ్రామములలో కూడ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆశా కార్యకర్తలచేత ఇంటింట ప్రశ్నలు అడిగించి, అవసరమైనవారిని ఆరోగ్య కేంద్ర వైద్యుని వద్దకు పంపు పద్ధతిని పరీక్షించినారు.

ఆ గోవా పద్ధతి విన్నప్పుడు మాకు పాఠశాల గుర్తునకు వచ్చినది. క్రొత్త పిల్లవానికి అనువాకము మొత్తము ఒక్కమారు చెప్పము. ఒక పదము, తరువాత రెండు పదములు, సంథ చెప్పి చెప్పి పనసకు తెచ్చెదము. మా శిష్యునకు మేము చెప్పవలసినది అదే అయి ఉండెను. "నాయనా, మాత్ర వేసుకో. నేటికి ఆచమనము చేసిన చాలు. రేపు అర్ఘ్యము. ఎల్లుండి సంగతి ఎల్లుండి." ఇంత సులభమైన మాట మాకు తోచలేదు. తోచినది పెద్ద మాట.

మూడు చికిత్సలు

చరకుడు చికిత్స మూడు విధములని చెప్పినాడు. మంత్రము, జపము, హోమము, ఉపవాసము మొదలైనవి దైవవ్యపాశ్రయము. ఆలోచించి కూర్చిన ఆహారౌషధములు యుక్తివ్యపాశ్రయము. మనస్సును అహితమైన విషయముల నుండి మరల్చి నిలుపుట సత్త్వావజయము. మూడింటిని ఒకే చోట చెప్పినాడు కాని, మొదటిది ఉన్న మిగిలినవి వదలుమని చెప్పలేదు. నేటి మాత్ర యుక్తివ్యపాశ్రయమునకు, నేటి సంభాషణచికిత్స సత్త్వావజయమునకు దగ్గరగ ఉన్నవని మా అభిప్రాయము. దైవవ్యపాశ్రయము మన చేతిలోనిది. దానిని ఎవరును కాదనుట లేదు. కాని దానిని మిగిలిన రెండింటికి అడ్డుగోడగ కట్టిన పాపము మనదే అగును.

బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రములలో సర్వే చేసినది. మన తెలుగు రాష్ట్రములు అందులో లేవు. పెద్దలలో ప్రతి ఇరువది మందిలో ఒకరు జీవితములో ఏదో ఒకప్పుడు ఈ వ్యాధికి గురియైనవారని, వ్యాధి ఉన్నవారిలో నూటికి 85 మందికి చికిత్స అందుట లేదని తేలినది. ఆ 85 మందిలో ఎందరికి గుడి మెట్లపైననో, గురువు ఇంటి అరుగుపైననో "మనస్సు గట్టి చేసికో" అను మాట దొరికి ఉండును? మా శిష్యుని తలచుకొన్నప్పుడు ఆ ప్రశ్న మమ్ము నిద్రపోనీయదు.

కావున భక్తులారా, మీ ఇంట ఎవరైన రెండు వారములకు మించి ఇట్లు కుంగియున్నచో, మ్రొక్కు మ్రొక్కుకొనండి, వైద్యుని వద్దకును తీసికొనిపోండి. మ్రొక్కు తీరువరకు వైద్యమును ఆపకండి. వ్రతమునకు కూర్చుండుచున్నచో మాత్ర వేళను వైద్యుని అడిగి మార్చుకొనండి, మాత్రను మాత్రము మానకండి. చనిపోవు మాట నోట వచ్చినచో దానిని పాపమని గద్దించి నోరు మూయింపకండి. దగ్గర కూర్చుండి వినండి, ఒంటరిగ విడువకండి, ఆనాడే వైద్యునకు చూపండి. ప్రాణము తీసికొనబోయినవాడు తీవ్రమైన మనోబాధలో ఉన్నవాడనియే 2017 చట్టము భావించుచున్నది. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నమును శిక్షించిన పాత 309వ సెక్షనును చేర్చలేదు. కావున పోలీసులకు వెరచి దాచవలసిన పని లేదు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అను ప్రభుత్వ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసిన, పగలు రాత్రి ఎప్పుడైనను తెలుగులో ఉచితముగ మాట్లాడువారు ఉన్నారు. ఈ సంఖ్యను పంచాంగము మొదటి పుటలో వ్రాసికొనండి.

నాటి మాటను మేము ఎట్లు దిద్దుకొన్నామో చెప్పి ముగించెదము. ఆ ఇల్లాలు అడిగిన దినముననే శిష్యుని మంచము పక్కన కూర్చుండి, "నాయనా, నేను శాస్త్రవిరుద్ధముగ చెప్పినాను. ఇది గురువు మాట, వైద్యుడు చెప్పినట్లు మందు వేసుకో" అన్నాము. అతడు కన్నులు తెరచి, చాలసేపు మమ్ము చూచి, చేయి చాపినాడు. ఆసుపత్రిలో కొన్ని వారములు ఉండవలసి వచ్చినది. పూర్తిగా తేరుకొనుటకు ఏడాది పట్టినది. ఇప్పుడు ఆ ఊరి పిల్లలు నలుగురికి సంథ చెప్పుచున్నాడు. కార్తికమున నక్తము ఉండును. సాయంకాలము దీపము పెట్టి, నైవేద్యము చేసి, ప్రసాదముతోపాటు మాత్ర వేసుకొనును. అతని వ్రతము ఏ ఏడును భంగపడలేదు.

పరమేశ్వరుడు మనకందరకు ఆరోగ్యమును, పరుల బాధను వినగల చెవిని ప్రసాదించుగాక. స్వస్తి.